మా డోర్నకలును గూర్చి అడుగువారికి మా జవాబు

ఫిలిప్పు తన స్నేహితుడైన నతనయేలునొద్దకు వెళ్లి, తమకు దొరికిన ప్రభువును గూర్చి సంతోషముతో చెప్పినప్పుడు, నతనయేలు మొదట ఆక్షేపించినది ప్రభువును కాదు, ఆయన ఊరిని. నజరేతు వంటి ఊరు ఏ మేలు కనగలదని అతని సందేహము. ఫిలిప్పు వాదమునకు దిగక, తనతో కూడ వచ్చి కన్నులార చూడుమని పిలిచెను. ఊరి పేరు చెప్పగానే ప్రశ్నలు పుట్టుట ఆనాటినుండి ఉన్నదే గనుక, డోర్నకలు వారమైన మేము దానికి నొచ్చుకొన పనిలేదు. అయితే జవాబు తెలిసియుండవలెను. మన విశ్వాసమునకు కారణమడుగువారికి మెత్తని మాటతో బదులిచ్చుటకు సిద్ధపడియుండవలెనని పేతురు భక్తుడు తన మొదటి పత్రికలో నేర్పినాడు గదా!

1912లో ఆరంభమైన మన అధ్యక్ష మండలమునకు 2012తో నూరేండ్లు నిండినవి. ఈ జ్ఞాపికలో పెద్దలు అనేకులు మండల చరిత్రను వ్రాయుచున్నారు. మేము మాత్రము వేరొక దారిని పోదలచితిమి. చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరు, పై దేశములు పోయిన మన పిల్లలను అక్కడివారు ఊరిని గూర్చి అడుగుదురు. కొందరు పిల్లలు "ఖమ్మం దగ్గర" అని చెప్పి మాట తప్పించుదురు. వారికి సిగ్గు ఉండి కాదు, తరువాత వచ్చు ప్రశ్నకు జవాబు తెలియక. రైలుపెట్టెలలో, హాస్టళ్లలో, పెండ్లి ఇండ్లలో మనవారు తరచుగా వినెడి ప్రశ్నలను ఇక్కడ వరుసగా వ్రాసి, మాకు తెలిసిన జవాబును వాటి క్రింద ఉంచుచున్నాము.

మీ ఊరు ఎక్కడ? ఆంధ్రయా, తెలంగాణయా?

కాజీపేట నుండి విజయవాడ పోవు రైలు మార్గములో మహబూబాబాదు దాటిన తరువాత, ఖమ్మం చేరకముందు వచ్చు జంక్షను మా ఊరు. సికింద్రాబాదు నుండి బయలుదేరిన నిజాము రైలు 1886లో వరంగల్లు చేరెను. 1888లో డోర్నకలు మీదుగా ఇల్లందు బొగ్గు గనుల వరకు పోయెను. 1889లో బెజవాడ చేరెను. సింగరేణి బొగ్గు కొరకు చీలిన ఆ దారియే మా ఊరిని జంక్షను చేసినది. నేటికిని కారేపల్లి మీదుగా కొత్తగూడెం పోవు బండ్లు ఇక్కడనే మళ్లును. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు. ఆ పేరు నమ్మి దిగిన యాత్రికులు గోదావరి ఏదని వెదకి, ఇంకను సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోవలెనని తెలిసి నవ్వుకొందురు.

1948 సెప్టెంబరు వరకు మేము నిజాము ప్రజలము. ఆ మీదట హైదరాబాదు రాష్ట్రము, 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుండి తెలంగాణ. జిల్లా చూడబోయిన, మునుపు వరంగల్లు, 2016 అక్టోబరు 11 నుండి మహబూబాబాదు. ఇల్లు కదలకయే మా పెద్దలు ఇన్ని పేర్ల క్రింద జీవించిరి. రైలు కొలువుకు వచ్చి స్థిరపడినవారు, ఉర్దూ మాటలాడు ముస్లిము సోదరులు, చుట్టు తండాలలోని లంబాడీలు, మిరప, వరి పండించు రైతులు, ఒకనాడు తమిళనాడు నుండి సువార్త పనికి వచ్చిన కుటుంబములవారు — అందరు కలిసినదే మా ఊరు. గనుక ఎక్కడివారని అడిగినప్పుడు తెలంగాణ వారమని నిస్సంకోచముగా చెప్పవచ్చును. కాని సంఘపు సరిహద్దు రాష్ట్రపు సరిహద్దుతో ముగియలేదు. కృష్ణా తీరపు సంఘములు ఒకనాడు డోర్నకలు బిషప్పుగారి క్రిందనే యుండి, 1947లో కృష్ణా-గోదావరి మండలముగా ఏర్పడినవి. ఆ బంధుత్వమును ఏ సరిహద్దు గీతయు తెంపలేదు.

అంత చిన్న ఊరిలో బిషప్పు ఎందుకున్నారు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. బిషప్పు పీఠము కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి పట్టణములలో నుండుట అప్పటి రివాజు. రైలు స్టేషనును కొన్ని ఇండ్లును తప్ప ఏమియులేని చోట పీఠము వెలయుటకు కారణము తెలియవలెనంటే తిరునెల్వేలి పోవలెను.

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ అను సువార్త సమాజమును స్థాపించిరి. భారతీయులే పంపవలెను, భారతీయులే పోవలెను, ఖర్చు భారతీయ సంఘమే భరింపవలెను అనునది వారి నియమము. సువార్త పనివారు లేని చోటు వెదకి, తమ భాషకాని భాష మాటలాడు నిజాము రాజ్యములోని మా ప్రాంతమును వారు ఎంచుకొనిరి. ఆ సమాజమునకు మూలపురుషులలో ఒకరు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1874 ఆగస్టు 17న వెల్లాలన్‌విళై అను పల్లెలో ఒక గురువుగారి కుమారుడుగా పుట్టిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతయు తిరిగిరి. ఇతరులను పొమ్మని ప్రోత్సహించిన ఆయన, తాను పోకుండుట తగదని తలచి, 1909లో గురుపట్టము పొంది డోర్నకలు వచ్చిరి. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. మంచి కొలువు, స్నేహితులు, పేరు అన్నియు మద్రాసులో ఉండగా, గుడారములో కాపురము పెట్టి, తెలుగు అక్షరములు దిద్దుకొనిరి.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో ఆయన లేచి, మిషనరీ దొరలు భారతీయులకొరకు త్యాగములు చేయుచున్నారు గాని వారితో స్నేహము చేయుట లేదని నిర్మొగమాటముగా చెప్పిరి. సభలో కొందరికి అది రుచింపలేదు. అయినను ఆ మాట నేటివరకు లోకమందలి సంఘములలో వినబడుచున్నది. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పట్టుబట్టి ప్రయత్నించగా, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. దొరలలోను మనవారిలోను అభ్యంతరము చెప్పినవారుండిరి. ఆయన పని ఎక్కడనో పీఠము అక్కడనే ఉండెను గనుక, లోకమునకు తెలియని డోర్నకలు బిషప్పు పీఠమైనది. పెద్ద ఊరు కాబట్టి బిషప్పు వచ్చుట కాదు, బిషప్పు తన మందయొద్ద నిలిచినందున ఊరికి పేరు వచ్చుట మా చరిత్ర.

ఆయన తమిళుడు గదా, మీవాడెట్లాయెను? అనియు కొందరు అడుగుదురు. తెలుగులో ప్రసంగించి, తెలుగు పల్లెల దుమ్ములో ఎండ్లబండిమీద తిరిగి, 1945 జనవరి 1న డోర్నకలులోనే కన్నుమూసి, కతీడ్రలు ఆవరణములోనే విశ్రమించుచున్న వానిని పైవాడనుటకు మాకు నోరు రాదు.

మీది దొరలు తెచ్చిన మతము కాదా?

ఇది అన్నిటికంటె తరచుగా వచ్చు ప్రశ్న. కోపపడక చెప్పవలసిన జవాబు ఉన్నది. మొదటిది, మా ఊరు తెల్లదొరల జిల్లా కాదు. ఇక్కడ రాజు నిజాము. రాజుగారి మతములో కలిసి లాభము పొందవలెనని మా తాతలు తలచియుంటే వారు చేరవలసినది మరియొక చోటు. రెండవది, ఇక్కడికి సువార్త తెచ్చినవారు తిరునెల్వేలి పల్లెల చందాలతో వచ్చిన భారతీయులు.

అయితే సగము సత్యము చెప్పి గెలుచుట క్రైస్తవులకు తగదు. 1920 తరువాత మన మండలము కృష్ణా ప్రాంతములకు విస్తరించినప్పుడు, అక్కడ ఇంగ్లీషు మిషనరీలు ఎన్నో ఏండ్లు కష్టపడి నాటిన సంఘములు మనలో చేరినవి. బందరులో నోబుల్, ఫాక్సు దొరలు 1841లో పని మొదలు పెట్టినవారు. వారిని మరచుట కృతఘ్నత. వారి మేలును ఒప్పుకొనుచునే, ఈ సంఘము వారి చేతిక్రింద ఉండిపోలేదని చెప్పవలెను. 1935 నాటికి మన మండలములో 250 మంది భారతీయ గురువులును రెండు వేలకు పైగా గ్రామోపదేశకులును ఉండిరి. ఇంతమంది మనవారు పనిచేసిన సంఘమును దొరల సంఘమనుట ఎట్లు?

దేశాభిమానమును గూర్చి అడుగువారికి మరియొక సంగతి చెప్పవలెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు ఇచ్చుటను అజరయ్యగారు వ్యతిరేకించిరి. సంఘము రాజకీయ లాభమునకై కూడిన గుంపు కాదనియు, క్రైస్తవుడు తన దేశస్థులందరితో కలిసి బ్రదుకవలెననియు ఆయన అభిప్రాయము. గాంధీగారితో ఆయనకు భేదము వచ్చినమాటయు నిజమే. మతము మార్చుట తగదని గాంధీగారు తలంపగా, తనకు మేలైన దారిని ఎంచుకొను హక్కు బీదవానికిని ఉన్నదని బిషప్పుగారు నిలిచిరి. దేశమును ప్రేమించు ఇద్దరిమధ్య వచ్చిన భేదమది. దానిని దాచవలసిన పని లేదు.

మీరు ఏ మిషనువారు? అని అడుగువారికి మనము దక్షిణ ఇండియా సంఘమువారమని చెప్పవలెను. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘముల పెద్దలు కూడి ఐక్యతకై పిలుపునిచ్చినప్పుడు ముందు నిలిచినవారిలో అజరయ్యగారు ఒకరు. ఇరువది ఎనిమిదేండ్ల మాటలు, ప్రార్థనలు, ఆటంకముల తరువాత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో ఐక్యత జరిగెను. దానికొరకు పాటుపడిన ఆయన దానిని కన్నులతో చూడక రెండేండ్లముందే వెళ్లిపోయిరి. మోషే నెబో కొండమీదనుండి చూచినట్లు దూరమునుండి చూచినవాడాయన.

మీ గుడి మసీదువలె నున్నదేమి?

రైలులో పోవువారు గుమ్మటములు చూచి మసీదనుకొందురు. దగ్గరకు వచ్చి స్తంభములు చూచినవారు దేవస్థానమనుకొందురు. లోపలికి వచ్చి బలిపీఠమును సిలువను చూచినవారు నిలిచిపోవుదురు. ఆ నిలుచుటయే కట్టినవారి కోరిక. ఇంగ్లండు గుడికి నకలుగా ఎత్తైన శిఖరము కట్టుట ఆ దినములలో సులువైన పని. అజరయ్యగారు అందుకు ఒప్పక, ఈ దేశపు శిల్పములోని గుమ్మటమును, స్తంభమును, తామరపువ్వును తెచ్చి క్రీస్తు సన్నిధిని ఉంచిరి. హిందువుల గుడి, ముస్లిముల మసీదు చూచి పెరిగిన కండ్లకు ప్రభువు ఇల్లు పరాయి ఇల్లుగా కనబడకూడదని ఆయన తలంపు. డబ్బు చాలక పని ఎన్నో ఏండ్లు సాగెను. చివరకు 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠ జరిగెను. గుడి పేరును ఎపిఫనీ కతీడ్రలే.

ఆ పేరును కొంచెము ధ్యానింపవలెను. ప్రత్యక్షత పండుగ తూర్పు జ్ఞానుల పండుగ. వారు పైవారు. ఊరు తెలియక దారి అడుగుచు వచ్చిరి. దూరమునుండి ప్రశ్నతో వచ్చినవారికి ప్రభువు కనబడిన దినము పేరు పెట్టుకొన్న గుడి మనది. అట్టి గుడిలో మ్రొక్కువారు ప్రశ్నించువాని మీద విసుగుకొనుట తగునా?

మీవారు అన్నముకొరకు కలిసినవారు కారా?

ఈ మాట విన్నప్పుడు మనవారి ముఖములు వాడిపోవుట మేము చూచినాము. కాబట్టి దీనికి విపులముగా వ్రాయుచున్నాము.

మన సంఘములో అధిక సంఖ్యాకులు మాలపల్లెలనుండియు మాదిగ పల్లెలనుండియు వచ్చినవారు. అది దాచవలసిన సంగతి కాదు. ఊరి బావి నీళ్లు ముట్టరానివారు, గుడి మెట్టు ఎక్కరానివారు, వెట్టిచాకిరిలోను అప్పులోను పుట్టి అందులోనే చచ్చినవారు మా తాతలు. పగలంతయు దొరల పొలములో పనిచేసి, రాత్రి దీపము వెలుగున పంతులుగారి యెదుట కూర్చుండి, అక్షరము రానివారు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును నోటికి నేర్చుకొనిరి. భజనలలో కోలాటములలో బైబిలు కథలు పాడుకొనిరి. బాప్తిస్మము పొందువాడు తన తలమీద చేయి వేసుకొని, సువార్త ప్రకటించుట తనమీద నున్న బాధ్యత అని పౌలు మాటలలో ఒప్పుకొనవలెనని బిషప్పుగారు నియమించిరి. తినుటకు వచ్చినవానితో ఎవరు ఈ ప్రమాణము చేయింతురు? మురికి, రోగము, అప్పు, త్రాగుడు ఈ నాలుగు దయ్యములను వెడలగొట్టవలెనని ఆయన పల్లె పల్లెన బోధించిరి. బాప్తిస్మము పొందిన తరువాత భూస్వాముల కోపము పెరిగినదే గాని తగ్గలేదు.

ఇక బియ్యము సంగతి. మన స్త్రీలు పూటపూటకు అన్నము వండుటకు ముందు కుండలో పోయు బియ్యములో నుండి ఒక పిడికెడు తీసి ప్రభువు కొరకు వేరుగా నుంచిరి. ఆ పిడికెళ్లు ఆదివారమునకు గుడికి వచ్చెను. పంటల పండుగకు ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు వచ్చెను. పంతులుగారి జీతములోను గుడి కప్పులోను ఆ బియ్యమున్నది. బియ్యము కొరకు కలిసిరని లోకము చెప్పిన స్త్రీలే బియ్యము ఇచ్చినవారు. తమ కుండలో కొరత పడినను ఇచ్చినవారు. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు తెలిసిన చాలును, ఆ ప్రశ్న ఎదుట వారు తల వంచరు.

మరియు లాభముకొరకే ఐతే, 1950 తరువాత మనవారు నిలిచియుండరు. ఆ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులములవారిని హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును ఆ హక్కు కలిగినది, క్రైస్తవులకు కలుగలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల 'సి' గుంపులో ఉంచి, నూటికి ఒక్క వంతు ఇచ్చిరి. ప్రభువు పేరు ఒప్పుకొనిన వానికి ఈ దేశములో కలిగినది లాభమా నష్టమా అనునది అడిగినవారే లెక్క చూచుకొనవచ్చును. బడి రిజిస్టరులో మతము గడి నింపునప్పుడు తండ్రి కలము ఎందుకు ఆగునో మనకందరికి తెలియును. ఆ తండ్రిని నిందింపవద్దు. అతనిమీద ఆ భారము మోపినదేదో తెలిసికొనవలెను.

మరి మీలో కులము లేదా?

ఇది పైవారి ప్రశ్నలలో పదునైనది. దీనికి మాటలతో జవాబు లేదు. ఒకే పాత్రలో ప్రభువు భోజనము పుచ్చుకొన్న చేతులు, పెండ్లి సంబంధము దగ్గర వెనుకకు పోవుట ఉన్నది. కమిటీ ఎన్నికలలో ఫలానా పల్లెవారు, ఫలానా పల్లెవారు అని లెక్కించుట ఉన్నది. దొరలు స్నేహము చేయలేదని ఎడింబరోలో పలికిన బిషప్పుగారి సంఘములో, మాలకు మాదిగ, మాదిగకు లంబాడి స్నేహితుడు కాకుండుట ఎంత వింత! ఆయన మాట అప్పుడు దొరలకు తగిలినది, ఇప్పుడు మనకు తగులుచున్నది. ఈ ప్రశ్న అడిగినవానితో, "అది మాలో నున్న రోగము, మా ప్రభువు దానిని ఒప్పుకొనడు, మేము దానితో పోరాడవలసియున్నది" అని చెప్పుటయే నిజమైన జవాబు.

చివరి మాట

పైన తూర్పు జ్ఞానులను గూర్చి వ్రాసితిమి. మత్తయి సువార్తలో ఆ కథయందు మరికొందరున్నారు. వారు యెరూషలేములోని శాస్త్రులు. రాజైనవాడు ఏ ఊరిలో పుట్టునని హేరోదు అడుగగా, వారు తడుముకొనక బేత్లెహేమని లేఖనము చూపి చెప్పిరి. జవాబు సరియైనదే. అయితే ఊరు చెప్పినవారు ఊరికి పోలేదు. అడిగిన పైవారు నడిచిపోయి ప్రభువును చూచిరి. జవాబు తెలిసినవారు ఇంటనే ఉండిరి.

ప్రియ సంఘస్థులారా, ఈ వ్యాసము చదివి సంవత్సరములు, పేర్లు నేర్చుకొనుడి. పిల్లలకు నేర్పుడి. పై ఊరినుండి స్నేహితులు వచ్చినప్పుడు స్టేషను నుండి నడిపించుకొని వచ్చి, గుడిని, స్తంభములను, బిషప్పుగారి సమాధిని చూపుడి. హిందూ సోదరుడు వచ్చినను, ముస్లిము సోదరుడు వచ్చినను ఇంటికి తీసికొనిపోయి భోజనము పెట్టుడి. అంతటితో ఆగక, ఆదివారమున పిడికెడు బియ్యపు కుండను మరల నిలుపుడి. పెండ్లిలోను పంక్తిలోను ఎన్నికలోను పల్లె పేరు అడుగుట మానుడి. డోర్నకలును గూర్చి అడిగినవానికి మన నోరు చెప్పు జవాబు కొంతసేపే నిలుచును, మన బ్రదుకు చెప్పు జవాబు అతడు తన ఊరికి తీసికొనిపోవును.

సంఘమునకు శిరస్సైన ప్రభువు మన మండలమును, మా చిన్న ఊరిని ఆశీర్వదించును గాక. ఆమేన్.